షేక్ అవ్వాద్ తాగని కాఫీ

విమాన సంస్థ వార్షికోత్సవం నాటి పొద్దున్న తైసీర్ వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. గింజలు తన చేత్తో తనే వేయించుకోవాలి. యాలకులు దంచి వేసి కాఫీ మరిగించాలి. పెద్ద ఫ్లాస్కుల్లో నింపుకుని విమానాశ్రయానికి వెళ్ళి, అమ్మాన్ నుంచి అఖబాకు ఎగిరే ప్రత్యేక విమానంలో ఎక్కినవాళ్ళందరికీ పోయించాలి. అఖబాలో దిగాక బ్యాండు మేళం, ఉపన్యాసాలు, సముద్రం ఒడ్డున చేపా అన్నంతో భోజనం. సాయంత్రానికి ఇల్లు చేరి చెప్పులు విప్పి కూర్చోవాలి. ఇందులో తేడా రావడానికి సందు ఎక్కడుందో ఎంత వెతికినా ఆయనకు కనిపించలేదు.

"ఇల్లంతా పొగ. పై వాటావాళ్ళు ఫైరింజన్‌కి ఫోన్ చేస్తారు, చూస్తూ ఉండండి," అంది భార్య ఇంతిసార్, కిటికీలు బార్లా తెరుస్తూ.

"వస్తే రానీ. వాళ్ళకీ తలా ఓ కప్పు పోద్దాం."

"విమానంలో కాఫీ విమానం వాళ్ళు పెట్టుకోరా? మీకు నా బాణలే దొరికిందా?"

"మిషన్ నొక్కితే వచ్చేదాన్ని నువ్వు కాఫీ అంటావా? సల్త్‌లో మీ పుట్టింటివాళ్ళు వింటే ఏమనుకుంటారు?"

పుట్టింటి మాట రాగానే ఇంతిసార్ తగ్గింది. కాఫీ విషయంలో సల్త్ వాళ్ళు ఎవరిచేతా మాట పడరు. గరిటె లాక్కుని గింజలు తనే తిప్పడం మొదలుపెట్టింది. "మీకు మాడబెట్టడం తప్ప ఏం వచ్చు? తప్పుకోండి," అంది. తైసీర్ సంతోషంగా తప్పుకున్నాడు.

తైసీర్ జాతీయ విమాన సంస్థలో ప్రయాణికుల సేవలు చూసే పెద్ద. మీసం నల్లగా ఉన్న రోజుల్లో స్టీవార్డుగా చేరాడు. ఎడమ చేత్తో ఇత్తడి కాఫీ కూజాను, అంటే దల్లాను, ఎత్తిపట్టి, దాని పొడుగాటి ముక్కులోంచి కుడిచేతిలోని చిన్న పింగాణీ కప్పులోకి కాఫీ ధార వదిలేవాడు. విమానం ఎంత ఊగినా ఒక్క చుక్క బయట పడేది కాదు. తర్వాత విమానాలు మారాయి, డైరెక్టర్లు మారారు, యూనిఫాం రంగు కూడా మారింది. దల్లా కాఫీ మాత్రం మారకుండా ఆయన కాపలా కాశాడు. మన విమానం ఎక్కినవాళ్ళను గుమ్మం తొక్కి వచ్చిన అతిథుల్లా చూడాలని కొత్తగా చేరిన పిల్లలకు పాఠం చెప్పేవాడు. సేవల నియమావళి మొత్తం ఆయన రాసిందే. దిండు ఎటువైపు పెట్టాలన్న దగ్గరనుంచి ఎంత నవ్వాలన్న దాకా అందులో లేని సంగతి లేదు. సిబ్బంది ప్రయాణికుల ఎదుట ఏదీ నోట పెట్టుకోరాదన్న నియమం కూడా ఆయనదే. ఆ నియమం అంటే ఆయనకు ప్రత్యేకమైన అభిమానం.

ఇప్పుడు ఆ దల్లాకే ముప్పు వచ్చింది. కొత్తగా వచ్చిన డైరెక్టరు ఇహాబ్ విదేశంలో చదివి వచ్చిన కుర్రవాడు. చెడ్డవాడని ఎవరూ అనరు గాని, ఏ పనైనా మొదలవకముందే అయిపోవాలంటాడు. బయలుదేరేముందు అతిథుల గదిలో తైసీర్‌ను పక్కకు పిలిచాడు. అక్కడ తైసీర్‌ను అందరూ పెద్దకొడుకు పేరుతో అబూ నాయిల్ అనే పిలుస్తారు.

"అబూ నాయిల్, మీ మాట తీసెయ్యలేక ఇవాళ్టికి ఒప్పుకున్నా. ఈ ఒక్క ప్రయాణం చూస్తా. అంతా సాఫీగా జరిగి జనం ఇష్టంగా తాగితే దల్లా ఉంటుంది. లేదంటే రేపటినుంచి బటన్ నొక్కితే కాఫీ, కాగితం కప్పు. మళ్ళీ దీని గురించి మనం మాట్లాడుకోం."

"మనవాళ్ళు కాఫీ ఇష్టంగా తాగరంటావా బాబూ?"

"ఇంట్లో తాగుతారు. విమానంలో ఒక్కొక్కళ్ళకీ పోసుకుంటూ పోతే, మీరు చివరి వరుసకి చేరేలోపు దిగాల్సిన ఊరు వచ్చేస్తుంది."

"రానీ. మర్యాద ముగిశాకే దిగుతాం."

"అదే వద్దంటున్నా," అన్నాడు ఇహాబ్.

వాళ్ళ పక్క సోఫాలో ఒక ముసలాయన జపమాల తిప్పుకుంటూ కూర్చుని ఉన్నాడు. ఎర్రగళ్ళ తలగుడ్డ, పైన ఒంటె రంగు అబాయా, పొట్టిగా కత్తిరించిన తెల్లగడ్డం. ఆయనే షేక్ అవ్వాద్, ఆనాటి ముఖ్య అతిథి. సంస్థ మొట్టమొదటి విమానంలో ఎక్కినవాళ్ళలో ఇంకా మనమధ్య ఉన్నది ఆయన ఒక్కడే. అప్పటికి మీసం సరిగ్గా రాని వయసు. తండ్రికి చెప్పకుండా ఒంటెను అమ్మేసి టిక్కెట్టు కొన్నాడట. తిరిగొచ్చాక తండ్రి కొట్టబోయి, పైనుంచి ఎడారి ఎలా ఉందో చెప్పమని కూర్చోబెట్టుకున్నాడట. ఈ కథ తైసీర్ ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు.

విమానం లేచింది. సీటు బెల్టు దీపాలు ఆరగానే తైసీర్ మైకు అందుకున్నాడు. ఆయన వెనక నజూద్ అనే ఎయిర్‌హోస్టెస్ తళతళలాడే దల్లాతో సిద్ధంగా నిలబడింది. కాఫీ పోయడంలో తైసీర్ దగ్గర పాఠం నేర్చినవాళ్ళలో ఆమెను మించినవాళ్ళు లేరు.

"మొదలుపెట్టిన నాడు మన దగ్గర ఉన్నవి రెండంటే రెండు పాత విమానాలు," అన్నాడు తైసీర్. "రెక్కలకు పంకాలు తిరిగేవి. ఒకటి ఎగురుతుంటే రెండోదానికి మరమ్మతు జరిగేది. ఇంజను దగ్గితే ఎందుకు దగ్గిందో పైలట్లు చెవితో విని చెప్పేవాళ్ళు. వాటితోనే హజ్ యాత్రికుల్ని తీసుకెళ్ళాం, క్షేమంగా తీసుకొచ్చాం. యుద్ధాలొచ్చాయి. పొద్దున లేచిన విమానం సాయంత్రం ఏ ఊళ్ళో దిగుతుందో తెలియని రోజులు చూశాం. ఆకాశం మూశారు, తెరిచారు, మళ్ళీ మూశారు. తెరిచినప్పుడల్లా ముందు లేచింది మన విమానమే."

అందరూ చప్పట్లు కొట్టారు. షేక్ అవ్వాద్ తల పంకించాడు.

"పరదేశం పోయిన పిల్లల కోసం తల్లులు కట్టిన మూటలు మోసింది మనమే. ఆలివ్ నూనె డబ్బాలు, జాతర్ పొడి, జమీద్ గడ్డలు. ఎండబెట్టిన పెరుగు గడ్డను చూసి పరాయి దేశాల కస్టమ్స్ వాళ్ళు ఇదేం రాయని అడిగితే, మన సిబ్బంది మన్సఫ్ ఎలా వండాలో చెప్పి మరీ విడిపించుకొచ్చారు."

"అది నిజం. నా కొడుక్కి పంపినవాటిలో ఒక్క గడ్డ కూడా పోలేదు," అంది కరక్ నుంచి వచ్చిన ఉమ్ సఖ్ర్ అనే పెద్దావిడ, మూడో వరుసలోంచి.

"రంజాన్‌లో మన విమానం గాల్లో ఉంటే, కింద ఊళ్ళో పొద్దు గుంకినా పైన ఇంకా సూర్యుడు కనిపిస్తూనే ఉంటాడు. అందుకే మన కెప్టెన్ తన కళ్ళతో చూసి, పొద్దు దిగిందని మైకులో చెప్పాకే ఖర్జూరం నోట్లో పెట్టుకుంటాం. ఎవరికీ ఒక్క నిమిషం ముందు కాదు, ఒక్క నిమిషం ఆలస్యం కాదు. అమ్మ ఒడిలో బిడ్డకు జ్వరమొస్తే తడిగుడ్డ పట్టిన ఎయిర్‌హోస్టెస్‌లు ఉన్నారు. కళ్ళు కనిపించని ముసలాళ్ళని చెయ్యి పట్టుకుని బస్సు దాకా దించి వచ్చిన పైలట్లున్నారు. పెద్ద పెద్ద దేశాల విమానాలు మనకంటే పెద్దవి కావచ్చు. ఎక్కినవాళ్ళకు స్వయంగా కాఫీ పోసి స్వాగతం చెప్పిన ఇల్లు మాత్రం మనది."

ఆ మాటకు విమానం మొత్తం లేచి నిలబడినంత పని చేసింది. బెల్టులు కట్టుకుని ఉన్నారు కాబట్టి సరిపోయింది. మనది చిన్న దేశం. గొప్పలు చెప్పుకోవడానికి చమురు బావులు లేవు. ఆకాశంలో మన జెండా రంగులు వేసుకుని ఓ తోక కనిపిస్తే, కింద రోడ్డుమీద కూరలమ్మేవాడు కూడా తల ఎత్తి అది మనదే అని పక్కవాడికి చూపిస్తాడు. తైసీర్ గొంతు కాస్త జీరపోయింది. మంచినీళ్ళు తాగుదామనుకున్నాడు గాని, నియమం గుర్తొచ్చి ఊరుకున్నాడు.

నజూద్ ముందుకు వచ్చింది. నియమం ప్రకారం మొదటి కప్పు పెద్ద అతిథికి. దల్లా ముక్కులోంచి లేత బంగారు రంగు కాఫీ ధార కప్పు అడుగున చేరింది. యాలకుల వాసన వెనక వరుసల దాకా పాకింది. షేక్ అవ్వాద్ కుడిచేత్తో కప్పు అందుకున్నాడు. నజూద్ వైపు చూశాడు. తైసీర్ వైపు చూశాడు. కాసేపు ఆగాడు. తర్వాత కప్పును ముందున్న ట్రే మీద నెమ్మదిగా పెట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

నజూద్ ఒకడుగు వెనక్కి వేసింది.

మా దగ్గర కాఫీ కప్పు మాట్లాడుతుంది. తాగి అటూ ఇటూ ఊపి ఇస్తే ఇక చాలని. ఊపకుండా ఇస్తే మళ్ళీ పొయ్యమని. తాగకుండా కింద పెడితే మాత్రం, నేనొక పని మీద వచ్చాను, అది చేస్తానని మాటిస్తే గాని తాగనని. పిల్లనడగడానికి వచ్చిన పెద్దలు, పగలు మాపి రాజీ చెయ్యడానికి వచ్చిన పెద్దలు ఇలాగే పెడతారు. ఇంటాయన నోటినుంచి మాట వచ్చేదాకా ఆ గదిలో ఎవరూ కాఫీ ముట్టరు. అడిగింది ఇవ్వకుండా, కప్పు తాగించకుండా పెద్దమనిషిని పంపిస్తే, ఆ ఇంటి పేరు మనవల కాలం దాకా చెడుతుంది.

"సార్, షేక్ గారు కప్పు కింద పెట్టేశారు," అంది నజూద్ తైసీర్ చెవిలో.

"వేడిగా ఉందేమో."

"లేదు సార్. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు."

తైసీర్ మిగతావాళ్ళకు పొయ్యమన్నాడు. అందరూ కప్పులు అందుకున్నారు. అందుకుని ముందుకు వంగి మొదటి వరుసలోకి చూశారు. చూసి, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు కప్పులు ట్రే మీద పెట్టేశారు. చివరి వరుసదాకా ఒక్క గుక్క కూడా ఎవరూ తాగలేదు.

నడవకు ఇవతలి సీట్లో ఇహాబ్ ఇదంతా చూశాడు. అతని కళ్ళకు వేరేగా కనిపించింది. "చెప్పానా అబూ నాయిల్? నోట పెట్టుకోనైనా పెట్టుకోలేదు. మిషన్‌కి ఆర్డరిచ్చేస్తాను."

"ముందు పక్కకి చూడు బాబూ. షేక్ కప్పు కింద పెట్టాడు."

ఇహాబ్ ఎంత దూరంలో చదువుకున్నా పుట్టింది అమ్మాన్‌లోనే. చూశాడు. ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. "ఏం అడుగుతాడు?" అన్నాడు గొంతు తగ్గించి.

"నాకేం తెలుసు? సంస్థకి ఇవాళ పెద్దవాడివి నువ్వేగా. అడిగి తెలుసుకో."

ఇహాబ్ గొంతు సవరించుకుని పక్కకు వంగాడు. "షేక్ గారూ, మీకేమైనా కావాలా?"

"నీ క్షేమం చాలు. అల్లా నిన్ను చల్లగా చూడాలి," అన్నాడు షేక్ అవ్వాద్, మర్యాదగా.

"చెప్పలేదు," అంది ఉమ్ సఖ్ర్ పక్కావిడతో. "అంటే చిన్న కోరిక కాదు."

ఆ మాట వరుసలు దాటి వెనక్కి వెళ్ళింది, వెళ్ళేకొద్దీ కండ పట్టింది. ఆయన ఊరి పక్కన విమానాశ్రయం కట్టమంటున్నాడన్నారు. ఆయన తెగ మొత్తాన్ని ఏటా హజ్‌కు ఉచితంగా తీసుకెళ్ళమంటున్నాడన్నారు. ఇవేవీ కావు, మొదటి విమానంలో ఆయన జీనుసంచీ పోయింది, అది ఇవాళ్టిదాకా ఇవ్వలేదు, అందుకే పట్టుబట్టాడని వెనకనుంచి ఒక మాస్టారు తేల్చేశాడు. చివరిది ఇహాబ్‌కు బాగా నమ్మకంగా తోచింది. సామాను పోవడమనేది అతనికి తెలిసిన విషయం.

"షేక్ గారూ, మీ సామాను ఎన్నాళ్ళయినా సరే, వెతికించి మీ గుమ్మం ముందు పెట్టిస్తాను."

షేక్ అవ్వాద్ వంగి కాళ్ళ దగ్గర చూసుకున్నాడు. "నా సంచీ ఇక్కడే ఉంది నాయనా. నీకు శ్రమ ఎందుకు?"

"పోనీ, ఇకనుంచి మీరెప్పుడు ఎక్కినా ముందు వరుసలో సీటు."

"ఇప్పుడూ ముందు వరుసలోనే కూర్చున్నాను కదా," అన్నాడు ఆయన. దల్లా వైపు ఒకసారి చూశాడు, మళ్ళీ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఈలోగా సీటు బెల్టు దీపాలు వెలిగాయి. అఖబా దగ్గరపడుతోంది. దిగేముందు ట్రేలు మూసి, కప్పులన్నీ తీసెయ్యాలి. నియమావళిలో అది కూడా తైసీర్ రాసిందే. నజూద్ కదల్లేదు.

"కప్పులు తియ్యమ్మా," అన్నాడు ఇహాబ్.

"షేక్ గారి కప్పా సార్? తాగకుండా? నేను తియ్యను. మా నాన్న విన్నాడంటే ఇంట్లోకి రానివ్వడు. మీరు తియ్యండి."

ఇహాబ్ కప్పు వైపు చెయ్యి చాచాడు. విమానం మొత్తం అతని చేతివైపే చూసింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మరీ ఖాళీగా వెనక్కి రావడం బాగుండదని తల గోక్కున్నాడు.

నజూద్ కాక్‌పిట్‌కు ఫోన్ చేసి విషయం చెప్పింది. కెప్టెన్ ఫవ్వాజ్ మఆన్ వైపు మనిషి. పదహారు మంది అన్నదమ్ముల ఉమ్మడి గుడారంలో పెరిగినవాడు. "షేక్ అవ్వాద్ కాఫీ తాగలేదా?" అన్నాడు. "అయితే నేనెలా దించుతాను? కప్పు ఎవరూ ముట్టుకోవద్దు. వాదీ రమ్ మీద ఓ చుట్టు తిప్పుతా. డైరెక్టరుగార్ని తొందరగా మాటిచ్చెయ్యమను."

విమానం పక్కకు ఒరిగింది. కింద ఎర్రటి రాతికొండలు నెమ్మదిగా తిరిగాయి. ప్రయాణికులు కిటికీల దగ్గరికి జరిగి ఫొటోలు తీసుకున్నారు. ఒక చుట్టు అయింది, రెండోది మొదలైంది. అఖబా కంట్రోల్ టవర్ నుంచి అడిగారు.

"ఎందుకు తిరుగుతున్నారు కెప్టెన్? ఏదైనా ఇబ్బందా?"

"కాఫీ కింద పెట్టారు."

"ఎవరు?"

"షేక్ అవ్వాద్."

"ఏం అడిగారట?"

"ఇంకా చెప్పలేదు."

"తిరగండి. రన్‌వే మీకోసం ఖాళీ ఉంచుతాం," అన్నాడు టవర్ మనిషి. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోకుండా కింద స్వాగత సంఘం వాళ్ళకు ఫోన్ చేశాడు. వాళ్ళు, షేక్ అడిగేది తప్పకుండా అఖబాకు సంబంధించిందే అయి ఉంటుందని తీర్మానించారు. చేపల మార్కెట్టు వాళ్ళు ఆయన కొత్త షెడ్డు అడిగాడని చెప్పి, అండగా నిలవడానికి బుట్టలతో సహా వచ్చేశారు. ఒకాయన విందుకోసం గొర్రెల్ని కూడా పంపించాడు. బ్యాండు మేళం వాళ్ళు ఏ పాట వాయించాలో తెలియక, పెళ్ళిపాటా జాతీయగీతమా అని గొడవ పడుతున్నారు.

పైన తైసీర్ మూడో చుట్టు తిరుగుతున్న కొండల్ని చూస్తూ నిలబడ్డాడు. ఆయనకు ఏడుపు వచ్చేలా ఉంది. ఇన్నేళ్ళు తను కాపాడుకొచ్చింది ఇవాళ తన కళ్ళముందే, తను వేయించిన గింజలతోనే ముగిసిపోతోంది. కాఫీ వల్ల విమానం ఆలస్యమైందన్న పేరు వచ్చాక దల్లాను ఇక మ్యూజియంలో కూడా పెట్టనివ్వరు.

"ఇంధనం ఉందా?" అని ఇహాబ్ నజూద్‌చేత అడిగించాడు.

"ఇంధనం ఉందట సార్. కెప్టెన్‌గారి ఓపికే అయిపోయిందట."

ఇక తప్పదని ఇహాబ్ లేచాడు. సూటు గుండీ పెట్టుకున్నాడు. కుడిచెయ్యి గుండెమీద పెట్టుకుని, అతని తాతగారు ఏ పంచాయతీలోనో అన్నట్టు, విమానం చివరిదాకా వినిపించేలా అన్నాడు: "షేక్ గారూ, మీ కాఫీ తాగండి. మీరు దేనికోసం వచ్చారో అది మీకు ఇచ్చేశాం."

"అందరం సాక్ష్యం," అన్నాడు వెనకనుంచి మాస్టారు.

ఉమ్ సఖ్ర్ నాలుక ఆడించి గట్టిగా జగ్రూద్ అనే సంబరపు కేక పెట్టింది. మిగతా ఆడవాళ్ళు అందుకున్నారు. విమానం మొత్తం పెళ్ళిపందిరిలా మోగింది. తర్వాత అందరూ గప్‌చుప్‌గా షేక్ చేతివైపు చూశారు.

షేక్ అవ్వాద్ చెయ్యి గుండెమీద పెట్టుకున్నాడు. "మీ ఇల్లు నిండుగా ఉండాలి," అన్నాడు. కప్పు ముట్టుకోలేదు.

మాటిచ్చినా తాగని అతిథి గురించి మా పెద్దలెవరూ మాకు చెప్పలేదు. ఇహాబ్ పెట్టుకున్న గుండీ మళ్ళీ విప్పేశాడు. నజూద్ కళ్ళు తుడుచుకుంది. తైసీర్‌కు మాత్రం అంతటితో భయం పోయింది. పోవడానికి ఇంకేం మిగల్లేదు కదా. ఉపన్యాసం చదివిన గొంతు ఎండిపోయి నాలుక అంగిలికి అంటుకుపోయింది. నియమావళి ఇక ఎవరి కోసమని నజూద్ చేతిలోంచి దల్లా తీసుకున్నాడు. ఒక కప్పులో పోసుకుని, అతిథుల ఎదుటే నిలబడి, ఒక్క గుక్కలో తాగేశాడు.

షేక్ అవ్వాద్ ముఖం వికసించింది. "బిస్మిల్లా," అని కప్పు ఎత్తి తాగేశాడు.

ఆ వెంటనే విమానం నిండా కప్పులు లేచాయి. చల్లారిపోయిన కాఫీని అంత ఆత్రంగా తాగిన జనాన్ని ఎక్కడా చూసి ఉండరు. నజూద్ కాక్‌పిట్‌కు "తాగారు" అని ఒక్క మాట చెప్పి, కప్పులు, ట్రేలు సర్దేసింది. కెప్టెన్ ఫవ్వాజ్ మైకులో అల్‌హమ్దులిల్లా అని విమానాన్ని దించడం మొదలుపెట్టాడు. చక్రాలు నేలకు ఆనిన సంగతి కూడా ఎవరికీ తెలియలేదు, అంత మెత్తగా దించాడు. మన పైలట్ల చేతినేర్పు అలాంటిది.

విమానం ఆగాక ఇహాబ్ షేక్ అవ్వాద్ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నంత పని చేశాడు. "ఇప్పుడైనా చెప్పండి షేక్ గారూ. మీకేం కావాలి?"

"నాకేం కావాలి?"

"మరి కప్పు కింద పెట్టారు?"

"పెట్టక ఏం చెయ్యను? ఇంటాయన ముందు తాగి చూపించాకే కదా అతిథి తాగేది. గుడారాల్లో ఇప్పటికీ అంతే. మొదటి విమానంలో కాఫీ పోసినతను కూడా నా ముందే ఒక కప్పు తాగి, ఆ తర్వాత నాకిచ్చాడు. ఈ అమ్మాయి తాగలేదు, ఈ అబూ నాయిల్ తాగలేదు. తాగుతారు కదా అని ఎదురుచూస్తూ కూర్చున్నా."

"ఆ మాట ముందే అనొచ్చు కదండీ," అన్నాడు తైసీర్.

"నీ ఇంటికొచ్చి నీకు మర్యాద నేర్పనా? అంత లేకితనం మా ఇంటా వంటా లేదు."

తైసీర్ తల వంచుకున్నాడు. సిబ్బంది అతిథుల ఎదుట ఏదీ నోట పెట్టుకోరాదన్న నియమాన్ని ఎంత అందంగా రాశాడో ఆయనకు అక్షరం అక్షరం గుర్తుంది.

ఇహాబ్ మాత్రం గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "అయితే మీరు అడిగింది ఏమీ లేదన్నమాట. హమ్మయ్య."

"నేను అడగలేదు. నువ్వు ఇచ్చావు," అన్నాడు షేక్ అవ్వాద్. "గుండెమీద చెయ్యి వేసి, ఇంతమంది ఎదుట. పుచ్చుకోకుండా పోతే నీకు చిన్నతనం. నీకు చిన్నతనం తెచ్చేంత పగ నాకు నీమీద లేదు."

"అందరం సాక్ష్యం," అన్నాడు మాస్టారు మళ్ళీ.

ఇహాబ్ తలుపు వైపు చూశాడు. తలుపు బయట చేపల బుట్టలు, గొర్రెలు, ఏమీ తోచక మౌనంగా నిలబడ్డ బ్యాండు మేళం కనిపిస్తున్నాయి. షేక్ అవ్వాద్ తొందరపడలేదు. నాలుక అంగిలికి ఆనించి రుచి చూసుకున్నాడు. ఇంకోసారి చూసుకున్నాడు. కళ్ళు చిట్లించి తైసీర్ వైపు చూశాడు.

"కాఫీ కుదరలేదు," అన్నాడు.

తైసీర్‌కు ఆ మాట దెబ్బలా తగిలింది. సల్త్ ఆడపడుచు వేయించిన గింజలు. ఏదో అనబోయాడు, షేక్ చెయ్యి ఎత్తి ఆపాడు.

"కుదరని కాఫీని మధ్యలో వదిలెయ్యడం మన పద్ధతి కాదు. ఈ దల్లాతోనే, ఈ కప్పులతోనే, పోసేవాళ్ళు ముందు తాగి, ఆ తర్వాత అతిథికివ్వాలి. నేను ఏటా ఇదే రోజున వచ్చి రుచి చూస్తా. కుదిరిందని నేను చెప్పిననాడు నీ ఇష్టమొచ్చిన మిషన్ పెట్టుకో. నాకు కావలసింది ఇదే. ఇచ్చానన్నావు కదా?"

ఇహాబ్ ముందు షేక్ వైపు, తర్వాత ఇంకా దిగకుండా నడవలో బారులు తీరి నిలబడ్డ జనం వైపు చూశాడు. వాళ్ళ ముఖాల్లో, ఇందాక ఉపన్యాసం విన్నప్పటి గర్వం ఇంకా చెక్కుచెదరలేదు. "ఇచ్చాను," అన్నాడు. ఎందుకో ఆ మాట అన్నాక అతను కూడా కాస్త ఎత్తు పెరిగినట్టు కనిపించాడు.

ఆ వారమే తైసీర్ నియమావళిలో తన ముద్దుల నియమాన్ని తనే కొట్టేసి, పోసేవాళ్ళే ముందు తాగాలని రాశాడు. షేక్ అవ్వాద్ ఆనాటి మాట ప్రకారం ఏటా వస్తున్నాడు. ముందు వరుసలో కూర్చుని, నజూద్ తాగేదాకా ఆగి, వరసగా మూడు కప్పులు పోయించుకుని అడుగంటా తాగుతాడు. కప్పు ఊపి ఇచ్చి, ఇంకా కుదరలేదని పెద్దగా చెప్పి దిగిపోతాడు. అందులో ఏం తక్కువైందని ఇంతవరకు ఎవరూ ఆయన్ని అడగలేదు.